కణాన్ని కొట్టే కణం

1969 జూలైలో చంద్రుడి దాకా వెళ్ళొచ్చిన బజ్ ఆల్డ్రిన్, తిరిగొచ్చాక నాసా వాళ్ళతో ఒక వింత సంగతి చెప్పాడు. చీకట్లో ఉన్నప్పుడు అప్పుడప్పుడూ చిన్న చిన్న మెరుపులు కనిపించాయని. తర్వాతి మిషన్లలో వెళ్ళేవాళ్ళకి ఈ మాట చెప్పి, గమనించమన్నారు. వాళ్ళూ చూశారు. ఒకసారి చుక్కలా, ఒకసారి సన్నటి గీతలా. కళ్ళు తెరిచి ఉన్నా మూసుకున్నా తేడా లేదు. కళ్ళు మూసుకున్నా కనిపిస్తోందంటే ఆ వెలుగు బయటిది కాదన్నమాట.

అపోలో 16, 17 లలో దీనికోసం ఒక ప్రయోగమే పెట్టారు. ఫొటో ప్లేట్లలాంటివి అమర్చిన ఒక పెట్టెని హెల్మెట్‌లాగా తలకి తొడిగించారు. మెరుపు కనిపించిన వెంటనే చెప్పాలి. తిరిగొచ్చాక ప్లేట్ల మీద కణాలు గీసిన గీతల్నీ, వాళ్ళు మెరుపు చూశామన్న సమయాల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. కొన్ని సరిపోయాయి. ఎక్కడో అంతరిక్షంలో బయల్దేరిన కణాలు ఓడ గోడనీ, పుర్రెనీ దాటుకుని రెటీనాలోంచి వెళ్తుంటే, కన్ను దాన్ని వెలుగు అనుకుంది. ఇలా జరగొచ్చని కార్నీలియస్ టోబయాస్ అనే శాస్త్రవేత్త 1952లోనే ఊహించాడు. అప్పటికి మనిషి అంతరిక్షం మొహం కూడా చూడలేదు.

నాకు ఇందులో భయం వేసిన విషయం మెరుపు కాదు. ఆ కణాలు కళ్ళని వెతుక్కుంటూ రావు. ఒళ్ళంతా దూసుకుపోతాయి. కంటికి తగిలితే కనిపిస్తుంది, కాలేయానికో ఎముక మజ్జకో తగిలితే ఏమీ తెలియదు. తెలియకుండా జరిగే ఆ పని ఏంటి, దాని ఫలితం ఎప్పుడు బయటపడుతుంది, దాన్ని ఎవరు ఎలా లెక్కేస్తారు అన్నదే ఈ వ్యాసం.

ముందు ఒక భాషా సమస్య తీర్చుకుందాం. నాలాగ ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళు ఇవన్నీ తెలుగులో రాయబోతే మొదటి వాక్యంలోనే ఇరుక్కుంటారు. ప్రోటాన్ కణమే, మన ఒంట్లో ఉన్నదీ కణమే. పరమాణువు మధ్యలో ఉండేది కేంద్రకం, జీవకణం మధ్యలో ఉండేదీ కేంద్రకమే. 'ఇనుము కేంద్రకం కణ కేంద్రకాన్ని ఢీకొంటుంది' అని రాస్తే ఎవరు ఎవర్ని కొట్టారో దేవుడికే తెలియాలి. కాబట్టి ఇక్కడి నుంచి కణం అంటే దూసుకొచ్చేది. దెబ్బ తినేది సెల్. (ఫోన్ కాదు.)

పైన ఏముంది?

రేడియేషన్ అనగానే మనకి గుర్తొచ్చేది ఎక్స్‌రే రూమ్ తలుపు. అంతరిక్షంలో ఉన్న రేడియేషన్‌లో ఎక్కువ భాగం అలాంటిది కాదు. అవి కిరణాలు కావు, నిజంగా బరువున్న కణాలు. ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఒట్టి కేంద్రకాలు. సూపర్‌నోవాలలాంటి పెద్ద పేలుళ్ళలో వేగం పుంజుకుని, దాదాపు కాంతి వేగంతో, అన్ని వైపుల నుంచీ వస్తుంటాయి. వీటిని గెలాక్టిక్ కాస్మిక్ కిరణాలు అంటారు. 1912లో విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి 5 కిలోమీటర్ల పైకి వెళ్ళి కొలిచినప్పుడు, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరిగింది. అంటే అది భూమిలోంచి రావట్లేదు, పైనుంచి వస్తోంది. దానికి 1936లో నోబెల్ ఇచ్చారు. పేరులో 'కిరణాలు' అని అప్పుడు అలవాటైంది, అలాగే ఉండిపోయింది.

ఈ కేంద్రకాల్లో వందకి సుమారు 87 ప్రోటాన్లు, 12 హీలియం. మిగిలిన ఒక్క శాతంలో కార్బన్, ఆక్సిజన్, సిలికాన్, ఇనుము దాకా అన్నీ ఉంటాయి. ఆ ఒక్క శాతమే అసలు తలనొప్పి. ఎందుకంటే దారిలో ఒక కణం వదిలిపోయే శక్తి దాని ఛార్జ్‌కి వర్గంగా పెరుగుతుంది. ప్రోటాన్ ఛార్జ్ 1, ఇనుము కేంద్రకం ఛార్జ్ 26. ఒకే వేగంతో వెళ్తే ఇనుము 26 రెట్లు కాదు, 676 రెట్లు ఎక్కువ వదులుతుంది.

ఇంకో రెండు వనరులున్నాయి. భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుపోయిన కణాల పట్టీలు ఒకటి. వీటిని 1958లో ఎక్స్‌ప్లోరర్ 1తో వాన్ అలెన్ కనుక్కున్నాడు. చంద్రుడికి వెళ్ళేవాళ్ళు వీటిని త్వరగా దాటేస్తారు. రెండోది సూర్యుడి తుపానులు. ఇవి రోజూ ఉండవు, వచ్చినప్పుడు గంటల్లో ముంచేస్తాయి. 1972 ఆగస్టులో అలాంటి పెద్ద తుపాను వచ్చింది. ఏప్రిల్‌లో అపోలో 16 తిరిగొచ్చేసింది, డిసెంబర్‌లో అపోలో 17 వెళ్ళింది. తుపాను సరిగ్గా మధ్యలో వచ్చి పోయింది. ఆ రోజుల్లో ఎవరైనా చంద్రుడి మీద స్పేస్‌సూట్‌లో తిరుగుతూ ఉండుంటే వాంతులు, రక్తకణాలు పడిపోవడం లాంటి రేడియేషన్ జబ్బు వచ్చే ప్రమాదం ఉండేది. మన ఆదిత్య ఎల్1ని 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి పంపింది సూర్యుడి మీద ఇలాంటి అలజడుల్ని చూడటానికే.

ఒక చిత్రమైన విషయం ఏంటంటే, సూర్యుడు బాగా చురుగ్గా ఉన్న ఏళ్ళలో తుపానులు ఎక్కువ, కానీ బయటి నుంచి వచ్చే గెలాక్టిక్ కణాలు తక్కువ. సూర్యుడి నుంచి వీచే గాలీ, దాని అయస్కాంత క్షేత్రమూ వాటిని కొంత తోసేస్తాయి. సూర్యుడు నిద్రపోతే తుపానులుండవు, కణాల జల్లు పెరుగుతుంది. ఎప్పుడు బయల్దేరినా ఏదో ఒకటి తప్పదు.

మరి మనం ఇక్కడ హాయిగా ఎలా ఉన్నాం? ప్రతి చదరపు సెంటీమీటరు నేల మీద సుమారు ఒక కేజీ గాలి ఉంది. అంటే మనందరం 10 మీటర్ల లోతు నీళ్ళ కింద బతుకుతున్నట్టే. దాని పైన అయస్కాంత క్షేత్రం. భూమ్మీద మనిషికి ఏడాదికి ప్రకృతి నుంచి వచ్చే మోతాదు ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గాలి కప్పు లేదు, అయస్కాంత క్షేత్రం మాత్రం ఇంకా కాపాడుతుంది. అక్కడ రోజుకి అర నుంచి ఒక మిల్లీసీవర్ట్. హైదరాబాద్ నుంచి వెళ్ళిన తండ్రికి అమెరికాలో పుట్టిన రాజా చారి 2021, 22 లలో 177 రోజులు అక్కడ ఉన్నాడు. రోజుకి అరే అనుకున్నా 88 దాటుతుంది, అంటే భూమ్మీద 36 ఏళ్ళ వాటా. మన శిరీష బండ్ల మాటేంటి అని అడుగుతారేమో. 2021లో ఆమె వెళ్ళిన ప్రయాణంలో పైన ఉన్నది నిమిషాలే, ఈ లెక్కలోకి రాదు.

ఈ సీవర్ట్ అనేది వట్టి శక్తి కొలత కాదని గుర్తుపెట్టుకోవాలి. ఒంట్లో ఎంత శక్తి పడింది అన్నది గ్రే. ఆ శక్తి ఏ రకం కణం ద్వారా పడింది, దానివల్ల హాని ఎంత ఎక్కువ అని ఒక అంకెతో హెచ్చవేస్తే సీవర్ట్ వస్తుంది. ఆ హెచ్చవేసే అంకె దగ్గరే సైంటిస్టుల మధ్య అసలు గొడవంతా.

ఒక బిట్ తారుమారైతే

మనది కంప్యూటర్ సైన్స్ బ్రాంచ్, మనకెందుకు ఈ బయాలజీ అనుకునేవాళ్ళకి ఈ భాగం. సెల్‌ని కొట్టే కణమే మెమరీ చిప్‌ని కూడా కొడుతుంది. చిప్‌లో ఒక బిట్ అంటే కొంచెం ఛార్జ్. కణం దాని పక్కనుంచి వెళ్తూ ఇంకొంచెం ఛార్జ్ వదిలితే 0 కాస్తా 1 అయిపోతుంది.

2003లో బెల్జియంలోని షార్‌బీక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ జరిగితే ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. తిరిగి లెక్కిస్తే తేడా 4096. ఆ అంకె చూడగానే మన బ్రాంచ్ వాళ్ళకి లైట్ వెలగాలి. 2 పవర్ 12. సరిగ్గా ఒక్క బిట్. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరకలేదు. కాస్మిక్ కణం పని అయ్యుండొచ్చు అన్నారు, రుజువైతే లేదు. మొన్న 2025 నవంబర్ చివర్లో ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాలు 6000 దాకా సాఫ్ట్‌వేర్ మార్పు కోసం ఆగాల్సి వచ్చింది, గుర్తుందా? మన దేశంలో కూడా ఫ్లైట్లు లేటయ్యాయి. తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల విమానాన్ని నడిపే డేటా చెడిపోవచ్చని కంపెనీయే చెప్పింది.

దీనికి మన దగ్గరున్న మందు మనందరం చదివిందే. పారిటీ బిట్, హ్యామింగ్ కోడ్. సర్వర్లలో వాడే ఈసీసీ మెమరీ మామూలుగా ఒక పదంలో ఒక్క బిట్ తప్పైతే దిద్దుతుంది, రెండు తప్పైతే తప్పు జరిగిందని మాత్రం చెప్పగలదు. ఎగ్జామ్‌లో ఐదు మార్కులకి వస్తుంది కదా అని చదివి వదిలేస్తాం. కానీ ఈ 'ఒకటైతే దిద్దొచ్చు, రెండైతే కష్టం' అన్న మాట పట్టుకుంటే సెల్ లోపలి కథ సగం అర్థమైనట్టే.

డీఎన్ఏ రెండు పోగుల తాడు. ఒక పోగు మీద ఉన్నదానికి ఎదురుగా రెండో పోగు మీద ఏముండాలో ముందే ఖాయం. అంటే ఒకే డేటా రెండు డిస్కుల మీద రాసుకున్నట్టు. ఒక పోగు తెగితే రెండోదాన్ని చూసి అతికించేస్తుంది. ఈ పని సెల్‌కి కొత్త కాదు. మనం గాలి పీల్చి అన్నం తింటున్నందుకే ఒక్కో సెల్‌లో రోజుకి వేల సంఖ్యలో డీఎన్ఏ దెబ్బలు పడుతుంటాయి, సెల్ సర్దుకుంటూ ఉంటుంది. ఈ రిపేర్ ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకే లిండాల్, మోడ్రిచ్, సాన్‌కార్‌లకి 2015లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

రెండు పోగులూ ఒకేచోట తెగితేనే చిక్కు. చూసి రాసుకోవడానికి ఎదురు పోగు ఉండదు. అప్పుడు సెల్‌కి రెండు దారులు. విభజనకి సిద్ధమై డీఎన్ఏని అప్పటికే ఒకసారి కాపీ చేసుకుని ఉంటే, ఆ బ్యాకప్ చూసి సరిగ్గా రాసుకుంటుంది. బ్యాకప్ లేకపోతే, తెగిన రెండు కొసల్ని పట్టుకుని అతికించేస్తుంది, అంతే. చిరిగిన నోటుకి టేప్ వేసినట్టు. మధ్యలో రెండు మూడు అక్షరాలు పోయాయా, పక్కన తెగిపడి ఉన్న ఇంకో ముక్క వచ్చి దీనికి అతుక్కుందా అని చూసే ఓపిక ఆ పద్ధతికి లేదు. మన ఒంట్లో చాలా సెల్స్ ఎక్కువ సమయం ఈ రెండో దారి మీదే ఆధారపడతాయి.

ఎక్స్‌రేలు కూడా పోగుల్ని తెంపుతాయి. కానీ అవి వదిలే శక్తి సెల్ అంతటా పలచగా పడుతుంది. ఎక్కువ దెబ్బలు నేరుగా కూడా కాదు, సెల్‌లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి ముందు నీటిని విరగ్గొట్టి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టిస్తాయి, అవెళ్ళి డీఎన్ఏని కరుస్తాయి. ఇనుము కేంద్రకం అలా కాదు. దాని దారి పొడుగునా దట్టంగా శక్తి పడుతుంది. వరిచేను మీద జల్లు కురవడానికీ, అదే చేను మధ్యలోంచి ట్రాక్టర్ తోలడానికీ ఉన్న తేడా. కురిసిన నీళ్ళ మొత్తం ఎంత అని కొలిస్తే ఉపయోగం లేదు, టైరు కింద పడ్డ మొక్కల సంగతి చూడాలి. ఆ దారిలో రెండు పోగులూ తెగడం, ఆ పక్కనే ఇంకో తెగు, అక్షరాలు చెడిపోవడం, అన్నీ కొన్ని నానోమీటర్ల లోపల ఒకేసారి జరుగుతాయి. 'రెండు తప్పులైతే కష్టం' అన్నాం కదా, ఇవి ఒకేచోట కుప్పపడ్డ తప్పులు.

ఇప్పుడు సెల్ ముందు మూడు ఫలితాలున్నాయి. సరిగ్గా రిపేర్ చేసుకోవడం ఒకటి. రిపేర్ వల్ల కాదని తెలుసుకుని తనంతట తనే చచ్చిపోవడం రెండోది. పి53 అనే ప్రోటీన్ ఈ తీర్పు చెప్పేవాటిలో ముఖ్యమైనది. సెల్ చనిపోవడం అంటే చెడ్డ వార్తలా వినిపిస్తుంది కానీ మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల సెల్స్ ఉన్నాయి, ఒకటి పోతే పోయింది. మూడోదే అసలు ప్రమాదం. తప్పుగా అతికించుకుని, బాగానే ఉన్నాననుకుని, బతుకుతూ, విభజన చెందుతూ ఉండటం. ప్రోగ్రామ్ క్రాష్ అయితే ఎర్రర్ కనిపిస్తుంది, వెతుక్కుంటాం. క్రాష్ అవ్వకుండా తప్పు జవాబు ఇస్తూ నడిచే ప్రోగ్రామ్‌ని ఎవరూ పట్టుకోరు. క్యాన్సర్ ఇలాంటి సెల్ నుంచి, ఇంకా కొన్ని తప్పులు పోగయ్యాక, ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో పి53 జీన్ కూడా చెడిపోయి ఉంటుంది. అంటే తీర్పు చెప్పాల్సినవాడే అమ్ముడుపోయినట్టు.

కంప్యూటర్‌తో పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. స్పేస్ షటిల్‌లో ఐదు కంప్యూటర్లుండేవి, కీలక సమయాల్లో నాలుగు ఒకే లెక్క చేసి ఒకదాన్నొకటి సరిచూసుకునేవి, తేడా వస్తే తప్పు చెప్పినదాన్ని పక్కన పెట్టొచ్చు. వాయేజర్ 2 మెమరీలో 2010లో ఒక బిట్ మారి డేటా గజిబిజిగా వస్తే భూమ్మీద నుంచి రీసెట్ చేశారు, బాగైపోయింది. మనిషిని రీసెట్ చేయలేం. ఒక సెల్ చెప్పేది తప్పని చెప్పడానికి పక్క సెల్స్ ఓటింగ్ పెట్టవు. ఇమ్యూనిటీ కొంతవరకు ఆ పని చేస్తుంది, అంతే.

ఇద్దరు కవలల మీద చూసింది

స్కాట్ కెల్లీ, మార్క్ కెల్లీ ఒకే పోలిక కవలలు, ఇద్దరూ వ్యోమగాములే. 2015 మార్చి నుంచి 2016 మార్చి దాకా స్కాట్ 340 రోజులు పైన ఉన్నాడు, మార్క్ కింద. ఇద్దరి రక్తం, మూత్రం, జ్ఞాపకశక్తి పరీక్షలు అన్నీ పోల్చి 2019లో ఫలితాలు ప్రచురించారు. స్కాట్‌కి పడిన మోతాదు సుమారు 146 మిల్లీసీవర్ట్‌లు.

క్రోమోజోముల చివర్లో టెలోమియర్లు అనే తొడుగులుంటాయి, షూ లేసు చివర ప్లాస్టిక్ ముక్కలాగ. వయసుతో పాటు ఇవి పొట్టి అవుతాయి. రేడియేషన్, ఒత్తిడి వల్ల స్కాట్‌వి తొందరగా పొట్టి అవుతాయనుకున్నారు. పైన ఉన్నన్నాళ్ళూ అవి పొడుగయ్యాయి! కిందికి దిగిన ఒకట్రెండు రోజుల్లోనే గబగబా తగ్గిపోయాయి, కొన్ని బయల్దేరినప్పటికంటే పొట్టిగా మిగిలాయి. దీని వెనక కారణం మీద ఇంకా వాదనలున్నాయి. మన విషయానికి అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి: క్రోమోజోముల్లో కొంత ముక్క తెగి తలకిందులుగా అతుక్కోవడం ఎక్కువైంది, దిగాక కూడా అది పూర్తిగా పోలేదు. పైన చెప్పిన 'టేప్ వేసిన నోటు' ఇదే.

ఈ స్టడీ మీద అప్పట్లో ఒక వార్త తెగ తిరిగింది, స్కాట్ డీఎన్ఏ 7 శాతం మారిపోయిందని, ఇక వాళ్ళు కవలలే కాదని. మనిషికీ చింపాంజీకీ మధ్య తేడా అంతకంటే తక్కువ అని సాధారణంగా చెప్తారు, కాబట్టి ఆ వార్త చదవగానే అనుమానం రావాల్సింది. మారింది డీఎన్ఏ కాదు. ఏ జీన్ ఎంత పనిచేస్తోంది అన్నది మారింది. అలా మారినవాటిలో 90 శాతానికి పైగా ఆరు నెలల్లో మామూలు స్థితికి వచ్చేశాయి, వెనక్కి రాని కొద్దివాటి సంగతే ఆ 7 శాతం.

క్యాన్సర్ ఒక్కటే కాదు. కంటి కటకం రేడియేషన్‌కి తొందరగా లొంగుతుంది, ఎక్కువ మోతాదు పడ్డ వ్యోమగాముల్లో శుక్లాలు ఎక్కువగా, ముందుగా వచ్చినట్టు 2001 నాటికే తేలింది. అమెరికాలో బ్రూక్‌హేవెన్ లాబ్‌లో 2003 నుంచి నాసా ఒక యంత్రంతో ఇలాంటి బరువైన కేంద్రకాల్ని తయారుచేసి ఎలుకల మీద, సెల్స్ మీద ప్రయోగిస్తోంది. ఎలుకల మెదడులో న్యూరాన్ల కొమ్మలు తగ్గడం, అవి కొత్త వస్తువుని పాతదాని నుంచి గుర్తుపట్టలేకపోవడం కనిపించాయి. ఎలుకకి నిమిషాల్లో ఇచ్చిన మోతాదు మనిషికి మూడేళ్ళలో పడుతుంది కాబట్టి రెండూ ఒకటే అనలేం. అంగారక గ్రహానికి వెళ్ళే దారిలో ఒక ఇంజిన్ కమాండ్ టైప్ చేయాల్సిన మనిషి మెదడు కాబట్టి వదిలేయనూ లేం.

అడ్డం ఏం పెట్టాలి?

సీసం పెట్టొచ్చు కదా, ఎక్స్‌రే రూమ్‌లోలాగ? నాకూ మొదట అదే తట్టింది. బరువైన కేంద్రకం సీసంలోనో అల్యూమినియంలోనో ఒక పెద్ద పరమాణువుని గుద్దితే ముక్కలై, న్యూట్రాన్లతో సహా ఇంకా బోలెడు కణాల్ని లోపలికి చల్లుతుంది. సన్నటి లోహపు గోడ కొన్నిసార్లు మేలు కంటే కీడే చేయొచ్చు. పనికొచ్చేది హైడ్రోజన్ ఎక్కువున్న పదార్థం, అంటే నీళ్ళు, పాలిథిన్. అంతరిక్ష కేంద్రంలో పడుకునే గదుల చుట్టూ పాలిథిలిన్ పలకలు పెట్టారు. సూర్యుడి తుపానుకి ఇది బాగా పనిచేస్తుంది. గెలాక్టిక్ కణాలకి మాత్రం చాలా మందం కావాలి. భూమి గాలి ఇచ్చేంత రక్షణ కావాలంటే ప్రతి చదరపు మీటరుకి 10 టన్నులు. ఒక చిన్న గది ఆరు వైపులా అంత కట్టుకుని ఏ రాకెట్టూ ఎగరదు.

2022లో మనుషుల్లేకుండా చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన ఆర్టెమిస్ 1లో హెల్గా, జోహర్ అని రెండు బొమ్మల్ని కూర్చోబెట్టారు. ఆడవాళ్ళ శరీరాన్ని పోలినవి, లోపల వేల సెన్సర్లు. జోహర్‌కి మాత్రం రక్షణ జాకెట్ వేశారు. ఆ ప్రయాణంలో తేలిన ఇంకో విషయం నాకు బాగా నచ్చింది. వాన్ అలెన్ పట్టీ దాటుతున్నప్పుడు ఓడ 90 డిగ్రీలు తిరిగితే లోపలి మోతాదు సగానికి పడిపోయింది. ఒక్క గ్రాము బరువు పెరగలేదు, ఏ వైపు తిరిగి కూర్చోవాలో తెలిస్తే చాలు.

2025లో శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో 18 రోజులున్నప్పుడు టార్డిగ్రేడ్లు కూడా ఆయనతో వెళ్ళాయి. అర మిల్లీమీటరు జీవులు, మనిషిని చంపే మోతాదుకి వందల రెట్లు తట్టుకుంటాయి. వాటిలో ఒక రకంలో డీఎన్ఏని చుట్టుకుని కాపాడే డీసప్ అనే ప్రోటీన్‌ని టోక్యో శాస్త్రవేత్తలు 2016లో కనుక్కున్నారు. లాబ్‌లో మనిషి సెల్స్‌కి ఆ ప్రోటీన్ చేరిస్తే ఎక్స్‌రే దెబ్బ సుమారు 40 శాతం తగ్గింది. మనిషికి ఇంజెక్షన్ ఇచ్చేదాకా ఇది రావడానికి చాలా దూరముంది.

600

అడ్డం పెట్టలేనప్పుడు మిగిలేది ఒక అంకె: ఇంతవరకు సరే, ఇక చాలు అని.

నాసా పాత పద్ధతిలో ఆ అంకె అందరికీ ఒకటి కాదు. క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం 3 శాతం కంటే పెరగకూడదు అన్నది నియమం, దాన్ని వయసునీ ఆడా మగా అన్నదాన్నీ బట్టి మోతాదుగా మార్చేవారు. చిన్న వయసులో పడిన దెబ్బకి బయటపడటానికి ఎక్కువ ఏళ్ళు దొరుకుతాయి. ఆడవాళ్ళకి రొమ్ము, అండాశయం, ఊపిరితిత్తుల లెక్కలు కలిసి ప్రమాదం ఎక్కువ చూపిస్తుంది. ఫలితం, 30 ఏళ్ళ మహిళకి జీవితం మొత్తానికి సుమారు 180 మిల్లీసీవర్ట్‌లు, 60 ఏళ్ళ పురుషుడికి 700. ఒకే ట్రైనింగ్, ఒకే అర్హత, కానీ ఒకరికి దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ రోజులు. శుక్లా వెళ్ళిన మిషన్‌కి కమాండర్ పెగ్గీ విట్సన్. నాసాలో 665 రోజులు పైన గడిపి 2018లో రిటైరయ్యారు. రేడియేషన్ పరిమితి నిండిపోవడం కూడా ఇక నాసా తరఫున ఎగరలేకపోవడానికి కారణమని ఆమే చెప్పారు. తర్వాత ప్రైవేట్ మిషన్లలో వెళ్ళారు.

2021లో అమెరికా నేషనల్ అకాడమీస్ కమిటీ ఈ తేడా తీసేయమంది. 2022లో నాసా అందరికీ ఒకటే పెట్టింది, కెరీర్ మొత్తానికి 600. ఎక్కువ ప్రమాదమున్న 35 ఏళ్ళ మహిళకి 3 శాతం ఎంత మోతాదుకి వస్తుందో లెక్క కట్టి, దాన్నే అందరికీ వర్తింపజేశారు. నాకు ఇది న్యాయంగా అనిపిస్తుంది, పూర్తిగా కాకపోయినా. ఆమెకి ప్రమాదం ఎక్కువ అన్న నిజం మారలేదు, దాన్ని సాకుగా చూపి ఆమెని ఆపడం మాత్రమే ఆగింది. ప్రమాదం ఇంత అని విడిగా చెప్పి, వెళ్తావో లేదో నువ్వే తేల్చుకో అనడం మేలు.

కానీ ఆ 'ఇంత' అన్నది ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువగా హిరోషిమా, నాగసాకిలలో బతికి బయటపడ్డవాళ్ళ నుంచి. 1950 నుంచి వాళ్ళ ఆరోగ్యాన్ని గమనిస్తూ కట్టిన లెక్కలవి. వాళ్ళకి పడింది ముఖ్యంగా గామా కిరణాలు, అదీ క్షణాల్లో. వ్యోమగామికి పడేది బరువైన కేంద్రకాలు, నెలల తరబడి. ఒకదాని నుంచి రెండోదానికి వెళ్ళడానికే ఆ హెచ్చవేసే అంకె. అపోలో కాలంలో చంద్రుడి దాకా వెళ్ళినవాళ్ళు 24 మంది. 24 మందితో స్టాటిస్టిక్స్ చేయమంటే మన మ్యాథ్స్ సార్ కూడా నవ్వుతారు.

ఇప్పుడు అంగారకుడి లెక్క. 2011 నవంబర్‌లో బయల్దేరిన క్యూరియాసిటీ రోవర్ దారి పొడుగునా మోతాదు కొలిచింది, రోజుకి 1.8. అక్కడ నేల మీద సుమారు 0.65. వెళ్ళడానికి 180 రోజులు, రావడానికి 180, అక్కడ 500 అనుకుంటే, 648 ప్లస్ 325, మొత్తం 973. అలాంటి ప్రయాణంలో ఒంట్లో ప్రతి సెల్ కేంద్రకంలోంచి కొన్ని రోజులకోసారి ఒక ప్రోటానో అది రేపిన ఎలక్ట్రానో, కొన్ని నెలలకోసారి ఒక బరువైన కేంద్రకం వెళ్తాయని అంచనా. 600 గీత దారిలోనే దాటిపోతాం. భూమ్మీద మన దేశంలో రేడియేషన్ దగ్గర పనిచేసే ఉద్యోగికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మించకూడదు. అంటే ఒక్క ప్రయాణంలో అలాంటి ఉద్యోగికి 48 ఏళ్ళకి అనుమతించిన మోతాదు. అప్పుడు నాసా మినహాయింపు ఇవ్వాలి, ఆ మనిషి సంతకం పెట్టాలి. సంతకం పెట్టినప్పుడు ఆరోగ్యంగానే ఉంటారు. తిరిగొచ్చినప్పుడు కూడా బహుశా ఆరోగ్యంగానే ఉంటారు. పదిహేనేళ్ళకి క్యాన్సర్ వస్తే అది అంగారకుడి వల్ల వచ్చిందో, భూమ్మీద ఉన్నా వచ్చేదో ఏ డాక్టరూ చెప్పలేడు. షార్‌బీక్ ఓట్ల లెక్కలో కనీసం 4096 అని ఒక గుర్తు మిగిలింది. ఇక్కడ అదీ ఉండదు.

గగన్‌యాన్ 400 కిలోమీటర్ల ఎత్తులో మూడు రోజులే కాబట్టి మోతాదు చాలా తక్కువ. 2035కి సొంత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద భారతీయుడు అని మన ప్రభుత్వం లక్ష్యాలు చెప్పింది. అప్పుడు అయస్కాంత క్షేత్రం గొడుగు దాటాల్సిందే. 2040కి మా బ్యాచ్ వాళ్ళకి 33 ఏళ్ళు వస్తాయి.